మంచు లేని జిల్లాల్లో స్కీల కొలతలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మంచు రెండే చోట్ల దొరుకుతుంది. ఒకటి ఐసు ఫ్యాక్టరీ, రెండోది పెళ్లి భోజనాల్లో ఐస్‌క్రీం డబ్బా అడుగు. రెండింటి మీదా స్కీయింగ్ చేయడం కష్టమే. అయినా ఈ రెండు జిల్లాలకూ కలిపి ఏకైక స్కీల నిపుణుడిగా ఏడేళ్లు పనిచేసి ఈ మధ్యే దిగిపోయాను. పోటీ లేనందువల్ల ఆ ఏడేళ్లూ మొదటి స్థానం నాదే. చివరి స్థానం కూడా.

నా ఖాళీలోకి ఇద్దరిని తీసుకున్నారని విన్నాను. నా ప్రతిభకు ఇద్దరు సరిపోరని నేననుకుంటున్నాను, నా కుర్చీ వెడల్పు చూసి ఇద్దరిని తీసుకున్నారని మా ఆవిడ అనుకుంటోంది. ఏమైతేనేం, ఇది ఆ ఇద్దరి కోసం రాస్తున్నాను. ఏ రిజిస్టరు ఏ బీరువాలో ఉందో ఇందులో చెప్పను. అది చెదలకు తెలుసు, వాటినే అడగండి.

ఇంతకీ ఏమిటీ పని

నేను పుట్టింది కోటబొమ్మాళిలో, వరి పండించే ఇంట్లో. పద్దెనిమిదేళ్లకు సైన్యంలో చేరితే నన్ను హిమాలయాల్లోని ఒక శిక్షణ బడికి పంపి, స్కీల స్టోరులో పడేశారు. మొదటి చలికాలం నా చెవులు రెండూ ఊడి మంచులో పడ్డాయి. వెతికి తెచ్చి పెట్టుకున్నాను. తిరగేసి పెట్టుకున్నానేమో, అప్పట్నుంచీ ఎవరేం చెప్పినా నాకు వేరేగా వినిపిస్తుంది. పదిహేడేళ్లు అక్కడే గడిపి ఇంటికొచ్చేసరికి గజపతినగరం దగ్గర ఒక ప్రైవేటు సాహస క్రీడల శిక్షణ కేంద్రం వారు నన్ను పిలిచారు. వాళ్లు ప్రతి ఏడాదీ ఒక్కరిని ఉత్తరాది కొండల్లో స్కీయింగ్ కోర్సుకు పంపుతారు. వెళ్లి నెగ్గుకొచ్చిన మనిషికి కేంద్రంలో శిక్షకుడి ఉద్యోగం. మంచు లేదు కాబట్టి సాధన అంతా కళింగపట్నం ఇసుక మెట్ట మీద, స్కీల అడుగున కొవ్వొత్తి రుద్ది. ఆ మెట్ట మూడు తాటిచెట్ల ఎత్తు ఉంటుంది. కొలిచినవాళ్లు ఒకటే అంటారు, వాళ్లు ఎక్కి చూడలేదు.

స్కీ అంటే కాలికి బిగించుకునే పొడుగాటి బద్ద, ముందు కొస పైకి వంగి ఉంటుంది. గట్టి మంచు మీద పరిగెత్తేవి సన్నగా ఉంటాయి, మెత్తటి కొత్త మంచు మీద తేలేవి వెడల్పుగా ఉంటాయి. ఈ రెంటికీ మధ్యలో, కొండ మీద ఎలాంటి మంచు ఎదురైనా సర్దుకుపోయేవాటిని ఆల్ మౌంటెన్ స్కీలంటారు. ఇవి ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలి లాంటివి. అన్ని పనులూ చేస్తాయి, ఒక్కటీ బాగా చేశాయని ఎవరూ అనరు. మీరు జీవితాంతం ఇచ్చేవి ఇవే.

పొడవు సంగతి వినండి. స్కీని నిలబెడితే కొత్తవాడికి గడ్డం దాకా రావాలి, బాగా వచ్చినవాడికి ముక్కు దాటి నుదుటి దాకా. పొట్టివి సులువుగా మలుపు తిరుగుతాయి గాని వేగం పెరిగితే వణికిపోతాయి. పొడుగువి వేగంలో నిలకడగా ఉంటాయి గాని తిప్పడం చేతకానివాడి మాట చచ్చినా వినవు. బరువైన మనిషికి కాస్త పొడుగ్గా, బిరుసుగా. తేలిక మనిషికి మెత్తగా, పని బాగా వచ్చినవాడైతే తేలికైనా కాస్త బిరుసుగానే. ఇక బూటును స్కీకి పట్టి ఉంచేదాన్ని బైండింగు అంటారు. మనిషి పడినప్పుడు అది బూటును వదిలేయాలి, లేకపోతే మోకాలు మనిషిని వదిలేస్తుంది. ఎంత గట్టిగా పట్టాలో, పక్కనున్న అంకె చూసుకుంటూ ఒక స్క్రూ తిప్పి బిగిస్తాం. కొత్తవాళ్లకు వదులుగా, నేర్పరులకు గట్టిగా.

ఎత్తు టేపు చెబుతుంది. బరువు కాటా చెబుతుంది. పని వచ్చా రాదా అన్నది మాత్రం మనిషి నోటితో చెప్పాలి. ఈ వృత్తిలో ఉన్న చిక్కంతా ఆ నోటి దగ్గరే ఉంది.

ఇద్దరు పై అధికారులు

సైన్యంలో నా మొదటి అధికారి ఒక సుబేదారు. ఆయన మీసం మీద రెండు పావురాలు కాపురం పెట్టవచ్చు. నేను చేరిన కొత్తలో ఒకే ఎత్తున్న ఇద్దరు జవాన్లకు ఒకే రకం స్కీలిచ్చాను. ఒకడు ఈదురుగాలికి ఎగిరిపోయేలా ఉండేవాడు, రెండోవాడు నిలబడితే గాలే ఆగిపోయేది. పలచనివాడు స్కీలను వంచలేక కొండ మీద విగ్రహంలా నిలబడిపోయాడు. లావువాడి స్కీలు అరటిపండులా వంగిపోయాయి. సుబేదారు నన్ను వారం రోజులు కాటా దగ్గర కూర్చోబెట్టి బడిలో ఉన్న ప్రతి ప్రాణినీ తూయించాడు, కంచర గాడిదలతో సహా. ఒక గాడిద నన్ను తన్నింది. ఆ తన్నుతో బరువు అనే పాఠం నాకు శాశ్వతంగా వంటబట్టింది.

రెండో అధికారి మా కేంద్రం డైరెక్టరు గారు. ఐదడుగుల మనిషి, జుట్టు కలుపుకుని. ఆయన మంచును కేలండరులో తప్ప చూడలేదు, అందువల్ల మంచు విషయంలో ఆయనకు సందేహాలు ఉండేవి కావు. నేను చేరేసరికే నలభై జతల స్కీలు ఒకే పొడవువి తెప్పించి పెట్టారు.

"అందరికీ ఒకే కొలత ఏమిటి సార్?" అన్నాను.

"ఫోటోలో వరస కుదురుతుందయ్యా. ఒకటి పొట్టీ ఒకటి పొడుగూ అయితే క్రమశిక్షణ ఏముంటుంది?"

ఆ లెక్కన మనుషులను కూడా ఒకే ఎత్తువాళ్లను తెప్పిస్తే బాగుండేది. రెండేళ్లు పోరాక రకరకాల సైజులు తెప్పించారు. పనిలో పనిగా తనకోసం ఒక జత కూడా. నూట నలభై రెండు సెంటీమీటర్లు, బిరుసైనవి, ఆరితేరినవాళ్ల కోసం చేసినవి. కవరు విప్పకుండా కారు వెనక సీట్లో పెట్టుకుని ప్రారంభోత్సవాలకు తిప్పేవారు. ఆయనతో నాకెన్ని పేచీలున్నా ఒకటి ఒప్పుకోవాలి, ఆ స్కీలు ఒక్కసారి కూడా పడలేదు.

నోటి మాట నమ్మిన రోజు

ఇప్పుడు అసలు కేసు. నేను చేరిన ఏడో ఏడాది, చివరి వడపోతలో ఇద్దరు మిగిలారు. ఒకరు కళింగపట్నం అమ్మాయి రత్నం. తండ్రి సముద్రంలో వేటకు వెళ్తాడు, తల్లి సత్తెమ్మ ఎండుచేపలు అమ్ముతుంది. రెండోవాడు గజపతినగరం శంకర్రావు, డైరెక్టరు గారి బావమరిది. ఆయనకు ఇంకే అర్హతలున్నాయో నేను ఆరా తీయలేదు, ఆ ఒక్కటే చాలా పెద్దది.

ఇద్దరూ రెండు నెలలుగా మెట్ట మీద పాత గీతలుపడ్డ స్కీలతో సాధన చేస్తున్నారు. నేను స్టోరులో ఫ్యాను కింద కూర్చునే మనిషిని. వంద కిలోమీటర్లు వెళ్లి ఎండలో ఇసుక చూసేటంత తక్కువ స్థాయి నిపుణుణ్ణి కాను. పరీక్షకు ముందురోజు కొలతల కోసం వాళ్లే నా దగ్గరికొచ్చారు.

ముందు రత్నం వచ్చింది, వెంట తల్లి. ఎత్తు కొలిచాను, ఐదడుగులకు ఒక వేలు తక్కువ. తూచాను, నలభై ఎనిమిది కిలోలు. ఇక నోటి పరీక్ష.

"బాగా వచ్చామ్మా?"

రత్నం నోరు తెరవబోయింది. సత్తెమ్మ మోచేత్తో పొడిచింది.

"నాకేటి వస్తాది సార్. ఏటీ రాదు."

"వేగంగా దిగుతుంటే భయమేస్తుందా?"

మళ్లీ మోచెయ్యి. "ఏస్తాది సార్."

"మలుపులు తిరగడం?"

ఈసారి తల్లే అందుకుంది. "మా గుంటకేటీ రాదు బాబూ. పడిపోడవే గాని నెగడం కూడా రాదు. నువ్వే ఏదో సూసి ఇయ్యి."

నేను దయగల చిరునవ్వు ఒకటి నవ్వాను. అలాంటి నవ్వు నవ్వాలనిపిస్తే ఆ రోజుకు సెలవు పెట్టి ఇంటికి వెళ్లిపోండి, అది నా సలహా. గడ్డం దగ్గరికి వచ్చే నూట ముప్పై సెంటీమీటర్ల మెత్తటి జత తీసి, స్క్రూలు బాగా వదులు చేసి ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ రత్నం ఒక కాగితం చూపించింది. రొయ్యల కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం, సోమవారం కోల్డు స్టోరేజీలో పనిలో చేరమని.

"ఈ కోర్సుకి వయసు హద్దుంది సార్. వచ్చే ఏడాదికి నాకు దాటిపోతాది. శనివారం నెగ్గితే కొండకి, లేకపోతే కంపెనీకి. ఎలగైనా ఐసులోనే బతుకు. కొండమీదైతే ఆకాశవైనా అగుపడతాది."

తరువాత శంకర్రావు వచ్చాడు. ఐదడుగుల పది, ఎనభై ఎనిమిది కిలోలు. ఆ బరువులో నాలుగు కిలోలు మెడలో గొలుసు.

"స్కీయింగ్ బాగా వచ్చా?" అన్నాను.

"ఏటి మాస్టారూ, నన్నే అడగతన్నారేటి? నాను దిగతన్నానంటే ఇసకే పక్కకి తప్పుకుంటాది."

"మలుపులు?"

"మలుపులు నాకెందుకండీ, అడ్డమొచ్చినోలు తిరగాల. మీ కాడ అన్నిటికన్నా పొడుగువేయో అయ్యి తియ్యండి."

నూట ఎనభైవి, ఇనుపబద్దల్లాంటివి తీసి ఇచ్చాను. స్క్రూలు గట్టిగా బిగించాను. రెండు మాటలూ విన్నాను, రెండూ నమ్మాను. ఇంత న్యాయంగా ఇంత అన్యాయం మరొకరు చేయలేరు.

శనివారం, ఇసుక మెట్ట

పరీక్షకు నన్నూ రమ్మన్నారు, ఫోటోలో నిపుణుడు ఉండాలని. మెట్ట కింద బయలు దాటితే, వలలు పరిచి నెత్తళ్లనే సన్న చేపలు ఆరబెట్టి ఉన్నాయి, ఎకరాలకు ఎకరాలు వెండి పోసినట్టు. మూలన సత్తెమ్మతో పాటు నలుగురైదుగురు ఆడవాళ్లు చేపలు తిరగేస్తున్నారు. డైరెక్టరు గారు మెట్ట కింద కుర్చీ వేయించుకుని, గొడుగు పట్టించుకుని, ఈల నోట్లో పెట్టుకున్నారు. నేనూ ఆ గొడుగు నీడలోకే దూరాను. ఒక్కొక్కరికి ఒక్కసారే అవకాశం అన్నారు.

ముందు శంకర్రావు. దిగాడు. దిగాడంటే దిగనే దిగాడు. ఆ పొడుగు స్కీలు ఎటు చూస్తున్నాయో అటే పోయాయి, ఆయన ఎటు చూస్తున్నాడన్నది వాటికి అనవసరం. మెట్ట అయిపోయింది, బయలు అయిపోయింది, ఆయన ఆగలేదు. తిన్నగా వలల మీదికి పోయి నెత్తళ్లలో బోర్లా పడ్డాడు. నాలుగు బుట్టల చేపలు ఆకాశానికి లేచి, తీరిగ్గా ఆయన మీదే కురిశాయి. నేను బిగించిన బైండింగులు అంత పడినా వదల్లేదు. మోకాళ్లు నిలిచాయంటే అది నెత్తళ్ల మెత్తదనం, నా గొప్ప కాదు.

"నీ కళ్లు కాకులెత్తుకెల్లా! మూడు దినాల ఎండ ఇది! దారి నేదేటి నీకు?" సత్తెమ్మ చీపురు పట్టుకుని పరిగెత్తింది.

డైరెక్టరు గారు ఈల తీసి, కాగితం మీద రాసుకుంటూ, "వేగం బాగుంది," అన్నారు.

తరువాత రత్నం. మొదటి మలుపు తిరిగింది, నేను గొడుగు కిందినుంచి బయటికొచ్చాను. రెండో మలుపు తిరిగింది, నా నోరు తెరుచుకుంది. పడవ అంచున నిలబడి పెరిగిన ఒళ్లు, అలకు తగ్గట్టు మోకాలు వంచే ఒళ్లు అది. మూడో మలుపులో వేగం అందుకుంది. ఆ వేగానికి నేనిచ్చిన పొట్టి స్కీలు ముసలి ఎద్దులబండిలా గడగడలాడాయి. ముందు కొస ఇసుకలో దిగబడింది. ఇంకెవరైనా నిలదొక్కుకోలేరు, ఆమె నిలదొక్కుకుంది. కానీ నేను వదులు చేసిన బైండింగు ఆ కుదుపుకే బూటును వదిలేసింది. ఒంటికాలి మీద కాస్త దూరం వచ్చి దొర్లిపోయింది.

"ఫెయిల్," అన్నారు డైరెక్టరు గారు, తేదీ చెప్పినంత మామూలుగా.

రత్నం లేచి ఇసుక దులుపుకుంది. ఊడిన స్కీని తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. అంతకన్నా ఒక తిట్టు తిట్టినా బాగుండేది.

నేను సత్తెమ్మ దగ్గరికి వెళ్లాను. "ఏమమ్మా, ఏమీ రాదన్నావు కదా?"

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "కడలికి ఎల్లేముందర నాకొచ్చని ఎవులైనా అంటారేటి బాబూ? మా ఇంట్లో పడవెక్కేముందు నాకేటీ రాదు, నువ్వే సూడు తల్లీ అనే ఎక్కుతారు. నాకొచ్చని నోరు జారితే కడలి వినదేటి? ముప్పయ్యేళ్లు వేటాడినోడు కూడా అదే అంటాడు. నీకు తెల్దేటి?"

తెలీదు. మాది వరి పండించే ఇల్లు. మావాళ్లు నారు పోయకముందే ఎన్ని బస్తాలు పండుతాయో రచ్చబండ మీద చెప్పేస్తారు. కోటబొమ్మాళికీ కళింగపట్నానికీ బస్సులో ఎంతో దూరం లేదు. హిమాలయాల దాకా పోయి పదిహేడేళ్లు చదువుకొచ్చిన నాకు, ఆ కాస్త దూరంలో మనుషులు ఎలా మాట్లాడతారో తెలియదు.

డైరెక్టరు గారి కొలత

అక్కణ్ణుంచి డైరెక్టరు గారి కుర్చీ దగ్గరికి వెళ్లాను. "సార్, ఆ అమ్మాయి తప్పు కాదు. స్కీలు తప్పు. ఇచ్చింది నేను. మళ్లీ దిగనివ్వండి."

"నువ్వు నిపుణుడివి కదయ్యా. నీకు తప్పెలా వస్తుంది?"

"నిపుణుణ్ణే సార్. అందుకే ఇంత నిపుణంగా తప్పు చేశాను."

చేపల దగ్గర ఆడవాళ్లు పని ఆపేశారు. ఏడేళ్లు నేను ఊదుకున్న బుడగ అక్కడే, వాళ్ల ముందే పేలింది. ఆ శబ్దం కళింగపట్నం లైట్‌హౌస్ దాకా వినిపించి ఉంటుంది.

"సరేనయ్యా. దేని మీద దిగుతుంది? మనం జీపులో తెచ్చినవన్నీ మగవాళ్ల సైజులేగా."

"నుదుటి దాకా వచ్చేవి, బిరుసైనవి కావాలి. ఒక్క జత ఉంది సార్. మీ కారులో."

"అవి నా కొలతవి!"

"ఆమె మీ అంతే ఉంటుంది సార్."

అనకూడని మాట అనేశాను. డైరెక్టరు గారు కుర్చీలోంచి లేచారు. లేచినా పెద్ద తేడా రాలేదు.

"ఆ అమ్మాయి నా అంతా? నేను ఐదడుగుల ఆరు!"

సత్తెమ్మ చీపురు కింద పడేసింది. "రాయే గుంటా. బాబు పక్కన నిలబడు. సూద్దాం."

రత్నం సిగ్గుపడుతూ వచ్చి ఆయన పక్కన నిలబడింది, బూట్లు విప్పి, వట్టికాళ్లతో. డైరెక్టరు గారి కాళ్లకు మడమలెత్తు బూట్లు. అయినా ఇద్దరి తలల మీద నేను పెట్టిన స్కీ బల్లపరుపుగా నిలబడింది. "బాబుని కూడా బూట్లిప్పమనండి," అని ఎవరో అన్నారు. ఆ మాట పూర్తికాకముందే కారు తాళం నా చేతిలో ఉంది.

కవరు చింపాను. బైండింగు ఆమె బూటుకు జరిపి, బరువుకూ నేర్పుకూ తగ్గట్టు స్క్రూలు తిప్పాను. కొవ్వొత్తి రుద్దాను. ఈ మారు ఏమీ అడగలేదు.

ఆమె దిగిన తీరును ఉన్నదున్నట్టు చెబుతాను, పెంచడానికి చోటు లేదు. ఏడు మలుపులు. ఒక్కో మలుపుకూ ఇసుక విసనకర్రలా విచ్చుకుంది. స్కీలు వణకలేదు. చివర అడ్డంగా తిరిగి ఆగింది, వలలకు జానెడు దూరంలో. ఒక్క నెత్తల్లి కూడా కదల్లేదు.

డైరెక్టరు గారు కాగితం వైపూ బావమరిది వైపూ మార్చి మార్చి చూశారు. శంకర్రావు చొక్కాలోంచి ఒక్కొక్క చేపే తీసి పక్కన పెడుతున్నాడు.

"బావా, నాను ఎల్లను," అన్నాడు. "దాన్నే పంపు. ఇసకే నాకు తప్పుకోనేదు. మంచేటి తప్పుకుంటాది?"

ఏడేళ్లలో ఆ కేంద్రంలో తన స్థాయి ఎంతో తనే సరిగ్గా కొలుచుకున్న మనిషి ఆయన ఒక్కడే. అప్పట్నుంచీ నేనాయన్ను గౌరవిస్తాను.

కొత్తగా వచ్చిన మీ ఇద్దరికీ చెప్పేదేమిటంటే, ఫ్యాను కట్టేసి బయటికి వెళ్లండి. మనిషి మెట్లు దిగుతుంటే చూడండి, బస్సులో నిలబడితే చూడండి, తడి గచ్చు మీద నడుస్తుంటే చూడండి. మన దగ్గర సగం మంది రానిది వచ్చంటారు, సగం మంది వచ్చినది రాదంటారు. ఎవరిది మర్యాదో ఎవరిది డాబో నోటి మాటను బట్టి తేల్చగలమనుకుంటే, మీకు నా కుర్చీ సరిగ్గా సరిపోతుంది.

ఆమదాలవలస స్టేషను

రత్నం బయలుదేరిన రోజు నేనూ స్టేషనుకు వెళ్లాను. రొయ్యల కంపెనీకి రానని చెప్పేసింది, కాబట్టి ఇక కొండ మీద నెగ్గుకురావాలి, అంతే. డైరెక్టరు గారి స్కీలు సంచిలో ఉన్నాయి. వాటికన్నా పెద్ద సంచిలో ఎండుచేపలున్నాయి. ఉత్తరాది మంచులో వాటి వాసనకు ఎలుగుబంట్లు ఊళ్లు ఖాళీ చేస్తాయని చెప్పి చూశాను, సత్తెమ్మ వినలేదు. నన్ను పక్కకు పిలిచింది.

"ఇప్పుడైనా సరిగ్గా బిగించేవా బాబూ?"

బిగించానమ్మా అనబోయాను. ఏడేళ్ల అలవాటు, ఆ మాట నాలుక చివరి దాకా వచ్చేసింది. అనలేదు. ప్లాట్‌ఫారం మీద మోకాళ్ల మీద కూర్చుని సంచి విప్పాను. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాను. జనం చుట్టూ మూగారు, ఏదో పాము బుట్ట అనుకుని.

"సార్, బండొచ్చేస్తన్నాది," అంది రత్నం.

"రానీ."

కుడి బైండింగు అంకె చూశాను. సరిగ్గా ఉంది. ఎడమది చూశాను. ఆ రోజు మెట్ట దగ్గర, అంతమంది ముందు, హడావిడిగా బిగించింది. పావు చుట్టు తక్కువ ఉంది.

తిప్పాను. రైలొచ్చింది.